పగలని గుమ్మడికాయ

ఆఖరి షాటు అయ్యాక కొట్టిన గుమ్మడికాయ పగలదు. నేల పగులుతుంది. ప్రొడక్షన్ మేనేజరు పేరయ్య కాయను మళ్ళీ ఎత్తి, కెమెరా చుట్టూ దిష్టి తిప్పి, ఇంకోచోట కొడతాడు. అక్కడా నేలే పగులుతుంది. కాయ మీద పెట్టిన కర్పూరం మాత్రం ఆరకుండా, కరగకుండా వెలుగుతూనే ఉంటుంది.

"గుమ్మడికాయ పగిల్తేనే గదండీ పిచ్చర్ అయిపోయినట్టు! అందాకా ఎవరూ మేకప్పు తియ్యకండి," అంటాడు పేరయ్య, కాయను చంటిపిల్లలా చంకనేసుకుని.

ఎవరూ కంగారు పడరు. డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటారు. కాసేపటికి కుర్చీ ఒక్కటే ఉంటుంది.

కంగారంతా రాజ్యానిదే. ఈ థ్రిల్లర్ సినిమాలో ఆమెది మోసగత్తె వేషం. కారు ప్రమాదంలో గతం మరిచిపోయిన అమ్మాయి ఇంట్లో చేరి, నేను మీ అక్కనని నమ్మించి, ఆస్తి కాజేయాలని చూసే ఆడది. ఆ అమ్మాయి వేషం కుముదది. తెనాలి నాటకాల నుంచి మద్రాసు వచ్చిన రాజ్యానికి సినిమాలు కొత్త కాదు. ఎప్పుడైనా గుమ్మడికాయ పగిలిందంటే చాలు, అంతవరకూ అమ్మా, పిన్నీ అంటూ చుట్టూ తిరిగినవాళ్ళు కార్లెక్కి వెళ్ళిపోతారు. రాజ్యం గుమ్మడి ముక్కలు తగలకుండా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బస్టాపు దాకా ఒక్కతే నడుస్తుంది.

ఈసారి ఆ నడక లేదు.

"అక్కా, ఆకలేస్తోంది," అంటుంది కుముద, సెట్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని.

కెమెరా తిరగడం లేదు. అయినా అక్కా అంటోంది.

"నీ పేరేమిటో చెప్పవే," అంటుంది రాజ్యం.

"నువ్వే చెప్పాలి. నాకు మతి పోయింది గదా."

నేను అక్కనూ కాను, చెల్లెల్నీ కాను, అదంతా వేషమని చెప్పడానికి రాజ్యం నోరు తెరుస్తుంది. పేరయ్య చంకలోని కాయ మీద వెంట్రుకంత చీలిక కనబడుతుంది. రాజ్యం నోరు మూసేస్తుంది. చీలికా మూసుకుపోతుంది.

"పప్పు వండుతానుండు," అంటుంది.

పొయ్యి అట్టతో చేసింది. రాజ్యం ఎదురుగా కూర్చుని ఓపిగ్గా ఊదుతుంటే అది మెల్లగా వేడెక్కడం నేర్చుకుంటుంది. గోడ మీద రంగుతో వేసిన కిటికీలోంచి గాలి వస్తుంది. ప్లైవుడ్ తలుపు వెనక పెరడు పెరుగుతుంది, పెరట్లో కరివేపాకు మొక్క. రాజ్యం రోజూ కుముదకు జడ వేస్తుంది. ఆ జడ ఎంత పొడుగు పెరుగుతుందంటే, అల్లడానికి ఒక్కోసారి పక్కగదిలోకి కూడా నడవాల్సి వస్తుంది.

కుముదకు వచ్చే వేషాలు గుమ్మంలోకే వస్తాయి. మనుషులెవరూ తీసుకురారు. చీరలే, లోపల ఎవరూ లేకుండా, నడిచి వచ్చి తలుపు తడతాయి. మొదట వచ్చేవి హీరోయిన్ చీరలు, పల్చటి షిఫాన్‌వి.

"అమ్మాయిగారికి ఇంకా ఈ సినిమా అవలేదమ్మా," అంటుంది రాజ్యం.

షిఫాన్లు కాసేపు కొంగు నలుపుకుని, పక్క షూటింగు ఫ్లోరులో కొత్తమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత వదిన చీరలు వస్తాయి, పెద్ద అంచులతో. వాటి వెనక అమ్మ చీరలు, ముదురు రంగు నేతవి. వీటికి తొందర లేదు. అరుగు మీద వరుసగా కూర్చుంటాయి.

రోజూ పొద్దున్నే తలుపు సందులోంచి అరుగు చూసి రాజ్యం గుండెలు పట్టుకుంటుంది. ఈ పిల్ల బతుకంతా నా ఒక్క అబద్ధం కింద నలిగిపోతోందే అనుకుంటుంది. అనుకుని, పప్పులో పోపు వేస్తుంది.

ఒకరోజు వీధి మలుపులో తెల్లచీర కనబడుతుంది. బామ్మ వేషం. మెల్లగా వస్తోంది. దాని తర్వాత వచ్చే వేషమేదీ లేదు.

రాజ్యం జడ సగంలో వదిలేస్తుంది. పేరయ్య గడపలో నిలబడి ఉంటాడు.

"సెప్పేత్తారేంటండీ? సంక లాగేత్తందండీ నాకు."

"కుముదా, నేను నీ అక్కను కాను. నీకు కార్లున్నాయి, సినిమాలున్నాయి. వెళ్ళు."

కాయ మీద చీలిక పడుతుంది. సగం దాకా వచ్చి ఆగుతుంది.

"సగవేనండి," అంటాడు పేరయ్య, కాయను చెవి దగ్గర పెట్టుకుని. "లోపల ఇంకో అబద్ధం ఉందండి. మీది కాదు."

కుముద జడ ముందుకు లాక్కుని, అల్లిన సగమూ విప్పుకుంటూ కూర్చుంటుంది.

"నాకు మతి పోలేదక్కా," అంటుంది. "ఆఖరి షాటులో నీ జాకెట్టుకి హుక్కు ఊడిపోతే పిన్నీసు పెట్టుకున్నావు. అది కూడా గుర్తుంది."

"మరెందుకే ఈ నాటకం?"

"కాయ ఇంకా కొట్టనే లేదు. నువ్వు అప్పుడే బస్టాపు నడకకి కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నావు."

రాజ్యం తలుపు సందులోంచి అరుగు వైపు చూస్తుంది.

"షిఫాన్లన్నీ పోయాయి కదే, పిచ్చిదానా!"

"పోనీలే. వాటిల్లో చలేస్తుంది."

కాయ చప్పుడు లేకుండా రెండు చెక్కలవుతుంది. కర్పూరం ఆరిపోతుంది. పొయ్యి మళ్ళీ అట్టవుతుంది. పేరయ్య చెరొక చెక్కా వాళ్ళ చేతుల్లో పెట్టి, "పిచ్చర్ అయిపోయిందండీ," అని చంక రుద్దుకుంటాడు.

కుముద కారెక్కుతుంది. రాజ్యం బస్టాపుకి నడుస్తుంది. కింద ముక్కలేవీ లేవు కాబట్టి కుచ్చిళ్ళు ఎత్తదు. రెండు చెక్కల మధ్య గుమ్మడి పీచు, పసుపుపచ్చగా, సాగుతూ వస్తుంది. కారు కోడంబాకం వంతెన దాటినా తెగదు. బస్సు వచ్చి ఆగుతుంది. కండక్టరు దిగి, పీచును కర్రతో పైకెత్తి, కింద నుంచి బస్సును పోనిస్తాడు.

అరుగు మీది చీరలు లేచి వస్తాయి. వదినలు, అమ్మలు, ఒకదాని పక్కన ఒకటి ఆ పీచు మీద ఆరేసుకుంటాయి.

అందరికన్నా వెనక తెల్లచీర వస్తుంది. దానికి చోటు లేదు. అది పీచు మీదికి ఎక్కి, లేని చేతులు రెండూ చాచి, రాజ్యం వైపు నుంచి కుముద వైపు నడవడం మొదలుపెడుతుంది. కొంగున కట్టుకున్న గుమ్మడి గింజలు ఒక్కొక్కటీ జారి రోడ్డు మీద పడుతున్నాయి. పడిన చోటల్లా, మెత్తగా, నేల పగులుతోంది.