గోరంత గడ్డం

పొద్దున్నే కరెంటు సామాన్ల షాపు షట్టరు ఎత్తగానే అతను చేసే మొదటి పని కౌంటరు అద్దం తుడవడం. తర్వాత షేవర్లని కడిగే క్లీనింగ్ స్టేషన్‌ని ప్లగ్గులో పెట్టి, షేవరుని అందులో తలకిందులుగా నిలబెట్టి, మీట నొక్కుతాడు. నీలం రంగు లిక్విడ్ గరగరా తిరుగుతుంది. బ్లేళ్ళని కడిగి, నూనె రాసి, ఆరబెడుతుంది. ఆ పని అయ్యేలోపు అతను స్టూలు మీద కూర్చుని సిగ్గుపడటానికి ప్రయత్నం చేస్తుంటాడు.

నవ్వకండి, అతని ఉద్యోగమే అది. సిగ్గేస్తే అతనికి గడ్డం వస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే. కొందరికి చెవులు ఎర్రబడతాయి, కొందరికి చెమటలు పడతాయి, ఇతనికి అప్పటికప్పుడు చెంపల నిండా గడ్డం మొలుస్తుంది. భార్య ఎప్పుడో అలవాటు పడిపోయింది. సాయంత్రం తలుపు తీసి అతని మొహం చూసి, "ఇవాళేం వెలగబెట్టారు?" అని టీ పెట్టడానికి వెళ్ళిపోతుంది. షాపు యజమాని మాత్రం, ఇంత మంచి గడ్డాన్ని ఇస్త్రీపెట్టెల దగ్గర వృథా చెయ్యడమేంటని షేవర్ల కౌంటరుకి మార్చాడు.

అక్కడ కొనేవాళ్ళు రాగానే అతను స్టేషన్ గొప్పలు ఏకరువు పెట్టేవాడు. బ్రష్షుతో కుస్తీ పట్టక్కర్లేదు. వెంట్రుక ముక్కలు వాష్‌బేసిన్‌లో పడి ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడక్కర్లేదు. ఎప్పుడు తీసినా షేవరు కొత్తదానిలా ఉంటుంది. అవన్నీ నిజాలే. చెప్పనివి వేరే ఉన్నాయి. లిక్విడ్ వాడకపోయినా ఆవిరైపోతుందని చెప్పేవాడు కాదు. లిక్విడ్ డబ్బా మార్చకపోతే షేవరు తన మురికిలోనే తను స్నానం చేస్తుందనీ, సగం మందికి కుళాయి నీళ్ళే చాలుననీ చెప్పేవాడు కాదు. "మరి ఇబ్బందులేమీ లేవా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. "అబ్బే, ఏమీ లేవు సార్" అనేవాడు. అనగానే గుప్పున గడ్డం వచ్చేది. దాన్ని వాళ్ళ కళ్ళముందే జుయ్యిమని గీసి చూపిస్తే, జనం నోళ్ళు వెళ్ళబెట్టి బిల్లు కట్టడానికి నడిచేవారు.

కానీ సిగ్గు కూడా వాడగా వాడగా అరిగిపోతుంది. ఈమధ్య ఎంత అబద్ధం చెప్పినా ఒక్క వెంట్రుక మొలవడం లేదు. పాత సంగతులు తవ్వుకున్నాడు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసింది, మామగారి కుర్చీ విరగ్గొట్టి ఆ నేరం పిల్లి మీదికి తోసేసింది, ఇలాంటివే. ఒక్కోటీ కొన్నాళ్ళు పనిచేసి, తర్వాత నవ్వు తెప్పించడం మొదలుపెట్టింది. యజమాని ఒకరోజు పొద్దున మొహం మీదే అనేశాడు.

"నీకు బొత్తిగా సిగ్గు లేకుండా పోతోందయ్యా. ఇవాళ కూడా గడ్డం రాకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? అతను చెంపలు తడుముకున్నాడు. నున్నగా ఉన్నాయి. తవ్వనిది ఒక్కటే మిగిలింది, అన్నయ్య సంగతి. మనసు అటు పోబోతే గభాలున ఇటు లాగేసేవాడు.

మొదటిసారి గడ్డం వచ్చింది నిక్కర్లు వేసుకునే రోజుల్లో, పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు. అన్నయ్యే పెరట్లో కూర్చోబెట్టి గీశాడు. ఎందుకొచ్చిందని అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అన్నయ్యే గీశాడు, ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడా అన్నయ్య చేతులు వణుకుతున్నాయి. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కడే ఉంటాడు. తమ్ముడు కొన్నాళ్ళు ప్రతి ఆదివారం వెళ్ళి గీసి వచ్చేవాడు. తర్వాత ఒక షేవరూ స్టేషనూ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, "ఇక అన్నీ ఇదే చూసుకుంటుంది అన్నయ్యా" అని చేతులు దులుపుకున్నాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మధ్యాహ్నం మెడలో బ్యాంకు గుర్తింపు కార్డు వేలాడుతున్న ఒకావిడ వచ్చింది.

"మా నాన్నగారి కోసమండీ. ఆయన చేతులకి పట్టు లేదు. వారం వారం నేనే వెళ్ళి గీసి, అంతా కడిగి వస్తున్నాను. ఇది కొనిస్తే ఆయనే చూసుకోగలరా?"

అతను జవాబు చెప్పబోతుంటే గుమ్మంలో అన్నయ్య కనబడ్డాడు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకోటి పెట్టుకున్నాడు. గడ్డం ఒకచోట గీసి, ఒకచోట వదిలేసి, ఎలుకలు కొరికిన చాపలా ఉంది. చంకలో గుడ్డసంచి, అందులోంచి స్టేషన్ మూల బయటికి పొడుచుకొచ్చింది. కౌంటరు దగ్గర కస్టమరు ఉండటం చూసి, మర్యాదగా పక్కకి నిలబడ్డాడు.

"చూసుకోగలరా అండీ?" ఆవిడ మళ్ళీ అడిగింది.

"నిశ్చింతగా తీసుకోండి మేడమ్. ఇక ఇంకో మనిషి అవసరమే ఉండదు" అన్నాడు అతను, అన్నయ్య వైపు చూడకుండా.

ఆవిడ కళ్ళు సంచి మీద పడ్డాయి. "మీ దగ్గరా ఇదే ఉన్నట్టుందే. బాగా పనిచేస్తోందా అండీ?"

అన్నయ్య తమ్ముణ్ణి చూశాడు. వెనక నుంచి మెడ సాచి చూస్తున్న యజమానినీ చూశాడు. "బాగానే చేస్తోందమ్మా" అన్నాడు.

"మీరిద్దరూ తెలిసినవాళ్ళా?"

ఆ జవాబు అన్నయ్య తమ్ముడికి వదిలేశాడు.

"మన పాత కస్టమరు మేడమ్" అన్నాడు తమ్ముడు.

ఆ మాట ఇంకా పూర్తికాలేదు, గడ్డం బయల్దేరింది. కాలరు దాటింది, జేబు దాటింది, కౌంటరు అద్దం మీద కుప్పగా పడింది. యజమాని పరుగున వచ్చి, "గియ్యి, గియ్యి" అన్నాడు. టీవీల దగ్గరున్నవాళ్ళంతా మూగారు. గీసినకొద్దీ వస్తోంది, వచ్చినకొద్దీ చప్పట్లు కొడుతున్నారు. నాకొకటి, నాకొకటి అని పెట్టెలు అడుగుతున్నారు.

ఆ గడ్డానికి అర్థం తెలిసినవాడు వాళ్ళందరిలో అన్నయ్య ఒక్కడే. దగ్గరికి వచ్చి, మెల్లిగా అన్నాడు.

"పోన్లేరా చిన్నా. నా వల్లనైనా నీ పని జరిగింది."

సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేల నిలువునా చీలి మింగేస్తే బాగుండుననిపించింది అతనికి. షేవరు ఆపేశాడు.

"మేడమ్, ఆయన మా అన్నయ్య" అన్నాడు. "ఆ సంచిలోది నేనిచ్చిందే. ఇది బాగా కడుగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ లిక్విడ్ అయిపోతే డబ్బా గట్టిగా లాగి, కొత్తది నొక్కి పెట్టాలి. ఆయన చేతులకి అది చేతకాదని ఇచ్చేటప్పుడే నాకు తెలుసు. ఆదివారాలు తప్పించుకోడానికి ఇచ్చాను. మీరు కొంటే కొనండి, కడిగే చాకిరీ తప్పుతుంది. వెళ్ళడం మాత్రం మానకండి."

గడ్డం పెరగడం ఆగింది. చప్పట్లూ ఆగాయి. యజమాని ఏదో అంటున్నాడు. అతను కౌంటరు మీద ఉన్న కొత్త లిక్విడ్ డబ్బా తీసుకుని, నడుము దాకా వేలాడుతున్న గడ్డంతో రోడ్డు మీదికి వచ్చేశాడు. ఆ వీధిలో అతని గడ్డం సంగతి తెలియనివాళ్ళు లేరు. అందరూ చూశారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అన్నయ్య బస్టాపు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"పని వదిలేసి వచ్చావేంరా?"

"డబ్బా మారుద్దామని."

"ఎంత లాగినా రాలేదురా" అన్నాడు అన్నయ్య, తప్పు తనదే అయినట్టు.

ఆ సాయంత్రం అన్నయ్య ఇంట్లో తమ్ముడు డబ్బా మార్చాడు, అన్నయ్య గడ్డం నున్నగా గీశాడు. అయ్యాక అన్నయ్య లేచి కుర్చీ చూపించాడు.

"ఇప్పుడు నువ్వు కూర్చో."

తమ్ముడు ముందు కత్తెరతో తనే పొడుగంతా కత్తిరించుకున్నాడు. మిగిలింది అన్నయ్య గీశాడు. వణికే చేతిలో షేవరు ఒకసారి చెవి మీదికి పోయింది, ఒకసారి ముక్కు మీదికి పోయింది. తమ్ముడు కదల్లేదు. ఎందుకొచ్చిందని అన్నయ్య ఈసారీ అడగలేదు. అడిగితే బాగుండును, అనుకున్నాడు తమ్ముడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.

మర్నాడు పొద్దున అద్దంలో చూసుకుంటే చుబుకం కింద, బొటనవేలి గోరంత మేర, వెంట్రుకలు మళ్ళీ మొలిచి ఉన్నాయి. షేవరు తిప్పాడు. పోలేదు. నిన్న గడ్డమైతే వచ్చింది కదా అని యజమాని పొమ్మనలేదు, షాపులో ఉన్న రకాలన్నిటితో స్వయంగా ప్రయత్నించి చెమటలు తుడుచుకున్నాడు. షేవర్ల కౌంటర్లో గడ్డం ఉన్నవాణ్ణి కూర్చోబెడితే పరువు పోతుందని, అతన్ని వెనక గదిలో రిపేర్లకి పంపించాడు. ఇప్పుడతను చేతకానివాళ్ళకి డబ్బాలు మార్చి ఇస్తుంటాడు. వచ్చినవాళ్ళు ఆ గోరంత గడ్డం చూసి, ఇంత పెద్ద షాపులో అది గీసే మిషనే లేదా అని అడుగుతారు.

"అది మా అన్నయ్య గీసే చోటండీ" అంటాడు అతను తల దించుకుని. "ఆదివారం పోతుంది. సోమవారానికి మళ్ళీ వచ్చేస్తుంది."