మీ నాన్ననడుగు

ఫొటో గోడకి ఎక్కకముందే ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. వంటింట్లో పొయ్యి పైనే పెట్టాలని కూతురు, అక్కడ పెడితే నూనె ఆవిరికి ఆర్నెల్లు తిరక్కుండా జిడ్డోడిపోతుంది, హాల్లో పెడదామని అల్లుడు. ఆ ఫొటోలో ఉన్నావిడ మొగుడు, అంటే టైలరు, కిటికీ పక్కన తన కుర్చీలో కూచుని దిండు గలీబుకి అంచు కుడుతూ ఎటూ తేల్చకుండా ఊరుకున్నాడు. అసలు ఆ ఫొటోయే వద్దని ఆయన మనసులో మాట. పైకి అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే పోయినావిడకి ఇచ్చిన మాట తప్పాలి.

ఫొటోలో ఆవిడ చేతిలో గరిటె ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎవరో తీశారు. కూతురు దాన్ని పెద్దది చేయించి, ఈ రోజుకి అందాలని షాపువాడి ప్రాణం తీసి తెచ్చుకుంది. అమ్మ పోయి మూడేళ్ళు. ఏటా ఆ రోజున అక్కా తమ్ముడూ కలిసి అమ్మ కూర వండుకు తినడం వాళ్ళకి వాళ్ళు పెట్టుకున్న అలవాటు. "అచ్చం అమ్మే కదా నాన్నా," అంటూ ఫ్రేము తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. టైలరు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఆవిడ గరిటెని స్పానర్ పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. నట్టు బిగించడానికైతే ఆ పట్టు భేషుగ్గా పనికొస్తుంది, కూర కలపడానికి మాత్రం కాదు. ఆ సంగతి ఆయనకి తప్ప ఇంకెవరికీ కనిపించినట్టు లేదు. బాగుందన్నాడు, ఇంకేం అంటాడు.

దాచిపెట్టి ఊరించడం దేనికి, ఉన్నదున్నట్టు చెప్పేసుకుందాం. ఆ ఇంట్లో వంట చేసింది టైలరే. పెళ్ళయిన కొత్తలోనూ ఆయనే, ఆవిడ మంచాన పడేదాకానూ ఆయనే. ఆవిడ ఒక దినపత్రిక ప్రెస్సులో పెద్ద మిషను మీద పని చేసేది. రాత్రంతా పేపరు అచ్చేసి తెల్లారగట్ల ఇంటికొచ్చేది. అన్నం వండమంటే అడుగంటించేది, పాలు కాచమంటే పొంగించేది, పైగా రెండూ చేశాక పకపకా నవ్వేది. టైలరుకి మొదట్లో ఒళ్ళు మండినా, ఆ నవ్వు విన్నాక కోపం నిలిచేది కాదు. గరిటె తనే తీసుకున్నాడు.

ఇందులో దాచాల్సిందేముందంటే, అదీ ఆయన వృత్తివల్లే వచ్చింది. ఇల్లూ కొట్టూ ఒకటే. ముందుగదిలో కుట్టుమిషను, వెనక వంటిల్లు. ఒకనాడు ఒక కస్టమరు కొత్త కోటు తెచ్చి బల్లమీద విసిరికొట్టాడు. కోటు కుట్టించుకున్నానా, ఉల్లిపాయలు వేయించుకున్నానా అని అరిచాడు. వండే చేత్తోనే కుడుతున్నానంటే ఇక ఆ వీధిలో ఎవడూ గుడ్డ ఇవ్వడు. "మా ఆవిడ వంటండీ," అని టైలరు నోటికొచ్చింది అనేశాడు. డ్యూటీ నించి వచ్చి పడుకున్న ఆవిడ లేచొచ్చి, జుట్టు ముడేసుకుంటూ, తప్పు తనదేనని, ఇకనించి తలుపేసుకుని వండుతానని ఒప్పేసుకుంది. కస్టమరు చల్లబడ్డాడు. వాసన మాత్రం అదిరిందమ్మా అని మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

కస్టమరు వీధి మలుపు తిరిగాక ఆవిడ నేలమీద చతికిలబడి నవ్వింది. పొయ్యి దగ్గరికి వెళ్ళకుండానే వంటమనిషిగా పేరొచ్చేసింది, దీన్ని చెడగొట్టుకునేది లేదంది. "ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి టైలరుగారూ. చచ్చినా బయటపెట్టకూడదు," అని చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిలో చెయ్యి వేశాడు.

పిల్లలకి తెలియకుండా ఎలా ఉంటుందని మీరు అడగొచ్చు. పిల్లలు కంచంలోకి చూస్తారు గానీ పొయ్యివంక ఎప్పుడు చూశారు కనక? వాళ్ళు లేచేసరికి వంట అయిపోయేది. అప్పుడే వచ్చిన అమ్మ వడ్డించేది. నాన్న అప్పటికే సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని కుట్టుమిషను ముందు ఉండేవాడు. సెలవురోజున వంటింటి తలుపు మూసి ఉండేది. లోపల ఆయన ఉల్లిపాయలు తరిగేవాడు, ఆవిడ పీటమీద కూచుని రాత్రి మిషను పెట్టిన పేచీలన్నీ చెప్పేది. తలుపు తీసుకుని గిన్నెతో బయటికొచ్చేది మాత్రం ఆవిడే. అమ్మా, కూర ఎంత బాగుందో అని పిల్లలు లొట్టలేస్తుంటే, ఆవిడ ఓరకంట ఒక్క చూపు ఆయనవైపు విసిరేది. ఆ చూపు కోసం ఆయన ఎన్నేళ్ళయినా వండగలననుకునేవాడు.

ఆవిడ పోయాక మెప్పులు ఆగలేదు, చూపే ఆగిపోయింది. నవ్వు పంచుకునే మనిషి లేని తమాషాని మోసుకుంటూ ఆయన కూతురింటికొచ్చాడు. చేతులు వణుకుతున్నాయని కూతురు ఆయన్ని పొయ్యి ఛాయలకి రానివ్వలేదు. పోనీలే అనుకున్నాడు. కానీ రోజులు గడిచేకొద్దీ ఒక సంగతి ఆయన్ని తొలిచెయ్యడం మొదలుపెట్టింది. అమ్మంటే కూర. అమ్మంటే చేతి రుచి. చుట్టాలతో మాట్లాడినా, తమ పిల్లలకి చెప్పినా, ఆవిడ గురించి వీళ్ళ దగ్గర ఇంకో ముక్క లేదు. అందులోంచి కూర తీసేస్తే ఆవిడకంటూ ఏమీ మిగలదు, ఆ కూరేమో ఆవిడది కాదు. తన కళ్ళముందే తన పెళ్ళాన్ని ఇంకెవరో ఆడమనిషి కింద మార్చేస్తున్నారని ఆయనకి దిగులు పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అందరూ బల్ల దగ్గర కూచున్నారు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పని మధ్యలో వచ్చాడు. వాడి భార్యకి డ్యూటీ, రాలేదు. కూతురు పొద్దున్నించీ నానా తంటాలు పడి దుంపలూ ఉల్లిపాయలూ వేసి ఆ కూర చేసింది. కొడుకు ఒక ముద్ద తిని, బాగుందక్కా అన్నాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. వాడు ఆగే రకం కాదు. అమ్మ చేసినట్టు మాత్రం రాలేదే అన్నాడు.

అల్లుడు బల్లకింద వాడి కాలు తొక్కాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. కూతురు చెంచా పక్కన పెట్టేసింది.

"ఎలా వస్తుందిరా? నాకు నేర్పితే కదా. ఎన్నిసార్లడిగాను. పెళ్ళికి ముందడిగాను, పిల్లలు పుట్టాక అడిగాను. ఎప్పుడడిగినా నవ్వేది, 'మీ నాన్ననడుగు' అనేది. ఆస్పత్రిలో చెయ్యి పట్టుకుని అడిగాను. అప్పుడు కూడా అదే వేళాకోళం. కన్నకూతురికి ఒక్క కూర చెప్పడానికి మనసు రాలేదంటే, నేను అమ్మకి ఏం తక్కువ చేశానో నాకిప్పటికీ తెలీదు."

ఈ సంగతి టైలరుకి కొత్త. ఆవిడ ఆయన నోటికి తాళం వేసి, తను మాత్రం అడిగినప్పుడల్లా నిజం చెప్పేసిందన్నమాట. ఈ పిల్లని ఆయన దగ్గరికి పంపుతూనే ఉంది. పిల్ల రాలేదు. రాకపోగా తల్లి పిసినారిదని, తనంటే ఇష్టం లేదని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని కుమిలిపోతోంది. ఆవిడకి వంట రాదంటే ఎవరికీ నష్టం లేదు. ఆవిడకి కూతురిమీద మనసు లేదంటే మాత్రం ఆయన వింటూ కూచోలేడు. ఇచ్చిన మాటని ఆ క్షణంలోనే గట్టున పెట్టేశాడు.

చెయ్యి కడుక్కుని తిన్నగా వంటింట్లోకి నడిచి, ఉల్లిపాయలెక్కడున్నాయని అడిగాడు. కూతురు గాభరాగా వెనకే వచ్చింది. చెయ్యి కాల్చుకుంటావు, నువ్వెందుకొచ్చావు, వెళ్ళి కూచో నాన్నా అంది.

"మీ అమ్మ నన్నడగమంది కదా," అన్నాడు టైలరు. "అడగవేం?"

ఆయన కత్తి తీసుకున్నాడు. చేతులు వణకడం మానలేదు, ముక్కలు ఒకటి సన్నంగా ఒకటి లావుగా వచ్చాయి. నేరం కత్తిమీదకి నెట్టి, దీనికి పదును పెట్టించి ఎన్నాళ్ళయిందని కూతుర్ని కోప్పడ్డాడు. ఉల్లిపాయకీ గుడ్డలాగే పోగు ఉంటుందని, అడ్డంగా కోస్తే చితికిపోతుందని, పోగు వెంబడి కొయ్యాలని చెప్పాడు. దుంపల్ని చెక్కు తియ్యకుండా కోశాడు. అన్నీ గిన్నెలో వేసి, మంట బాగా తగ్గించి, మూత పెట్టి, ఒక పాత నూలుగుడ్డ తెమ్మన్నాడు. ఆమె చేతులు తుడుచుకునే తువ్వాలు ఇస్తే దాని మొహం చూసి పక్కన పడేశాడు. గలీబు కుట్టగా మిగిలిన పీలిక తెచ్చి, తడిపి, పిండి, మూత చుట్టూ చీరంచుకి పట్టీ వేసినంత ఒద్దికగా చుట్టాడు.

గుడ్డ ఎందుకని అడిగింది కూతురు. వాసన బయటికి పోకుండా అన్నాడు ఆయన. పోతే ఏమవుతుందంది.

"కస్టమర్ల బట్టలకి పట్టుకుంటుంది తల్లీ. ఒకసారి ఒకాయన కోటు తిప్పి తెచ్చి బల్లమీద కొట్టాడు. అప్పట్నించీ ఇలాగే చుడతాను. లోపలి ఆవిరి లోపలే ఉండిపోయి ఉల్లిపాయ దాని నీళ్ళలో అదే ఉడుకుతుంది. నేను వాసన దాచుకుందామని చుట్టాను, రుచి దానంతటదే వచ్చింది."

మూత ఆయన ఎవర్నీ తియ్యనివ్వలేదు. ఆకలేస్తోందని కొడుకు గొణిగినా చెవిన పెట్టలేదు. గుడ్డ ఆరిపోయి అంచులు ఎర్రబారాక పొయ్యి ఆర్పి, గిన్నె తెచ్చి బల్లమీద పెట్టి తనే వడ్డించాడు. పిల్లలకి ఆయన వడ్డించడం అదే మొదలు.

కొడుకు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. ఇది అమ్మ కూర కదా అన్నాడు. కాదురా, నాది, అన్నాడు టైలరు. కోటు దగ్గర్నించి మొదలుపెట్టి, మూసిన తలుపూ, పీటా, చేతిలో చెయ్యి వేయడం, అన్నీ చెప్పేశాడు. చెప్పాక గుండె బరువు దిగింది, వెంటనే ఆవిడకి ద్రోహం చేశాననీ అనిపించింది. కొడుకు మాత్రం లబోదిబోమన్నాడు. మా అమ్మ దగ్గర నేర్చుకోవే అని పెళ్ళాన్ని ఎన్నేళ్ళు సాధించాడో, ఇప్పుడు ఇంటికెళ్ళి ఆమెకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక తల పట్టుకున్నాడు. అల్లుడు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

కూతురు నవ్వలేదు. కంచంలో ఉన్నదంతా తిన్నది. కంచం ఖాళీ అయ్యాక తలెత్తింది.

"అయితే అమ్మ నాకు చెప్పింది," అంది.

"చెప్పింది. నువ్వే రాలేదు."

ఆమె తల ఊపింది. ఖాళీ కంచం పక్కకి జరిపి, మెల్లిగా అంది:

"పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడల్లా ఏడుపొచ్చేది నాన్నా. ఆ కూర లేదు, ఆ చెయ్యి లేదు అని. మూడేళ్ళు ఏడ్చాను. ఇప్పుడు చూస్తే ఆ చెయ్యి ఇక్కడే ఉంది, దిండ్లకి గలీబులు కుడుతోంది. అంటే నేను ఏడ్చింది నీ కోసం. అమ్మ కోసం నేనింకా మొదలే పెట్టలేదు."

కొడుకు తన గోల మర్చిపోయాడు.

"మరి అమ్మ ఎలాంటిది నాన్నా?" అంది కూతురు.

మూడేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాడు టైలరు. నీళ్ళు తాగి, నెమ్మదిగా మొదలుపెట్టాడు. మిషను చప్పుడు విని ఏ రోలరు ఎండిపోయిందో గది అవతల నించే చెప్పేసేదట. ఒకసారి ఫోర్‌మన్ వినకపోతే అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించిందట. ఆ హోరులో మాట వినపడదని పనివాళ్ళందరికీ ఈలలు నేర్పింది, ఆగమంటే ఒక ఈల, నడపమంటే ఒకటి. ఒక చెవి ఆ హోరుకే పోయింది. పిల్లలు బెంగపెట్టుకుంటారని వాళ్ళని ఎప్పుడూ రెండో చెవి వైపే కూచోబెట్టుకునేది. వరసగా నాలుగు అచ్చుతప్పులు దొరికిన పేపరుంటే ఆ పొద్దంతా పండగే ఆవిడకి.

"తెల్లారగట్ల వచ్చేసరికి చెవుల వెనకంతా సిరా. ఆవిడకేమో కనపడదు. మీరు లేచేలోగా కిరసనాయిలు గుడ్డతో నేనే తుడిచేవాణ్ణి. కాళ్ళు చాపుకుని కూచుని, ఇవాళ ఊళ్ళో అందరికంటే ముందు వార్తలన్నీ నేనే చదివేశానయ్యా అనేది. చిన్నపిల్లలా మురిసిపోయేది."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ తనని ఎప్పుడూ ఎడమవైపే కూచోబెట్టుకునేది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఏడుపు ఎక్కడో లోపలి నించి వచ్చింది, ఈ మూడేళ్ళలో వంటింట్లో వచ్చినట్టు కాకుండా, ఆపుకోవడానికి వీల్లేకుండా వచ్చింది. అల్లుడు లేవబోతే టైలరు వద్దని సైగ చేశాడు. తన కుర్చీని కూతురి పక్కకి జరుపుకుని ఆమె వీపుమీద చెయ్యి వేశాడు.

"ఇంకా చెప్పు నాన్నా," అంది కూతురు ఏడుస్తూనే.

ఆయన మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.