మెడంత లావు

హిక్మతుల్లా మాస్టారు మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చి పేరు తెచ్చుకున్న మనిషి. సోవియట్ రోజుల్లో చుస్త్ పట్నం చుట్టుపక్కల ఏ ఊళ్లో పత్తి ఏరడం పూర్తయినా, అక్కడి క్లబ్బులో జనాన్ని కూర్చోబెట్టి దిష్టి లేదనీ, దయ్యాలు లేవనీ, సమాధి పక్కన కొమ్మకి గుడ్డపీలిక కడితే కడుపు పండదనీ గొంతు పోయేదాకా చెప్పేవాడు. ఇప్పుడు ఆ క్లబ్బుల్లో తివాచీలు అమ్ముతున్నారు. మాస్టారు పింఛను పుచ్చుకుని, ఊరి అంచున కొత్త ఇల్లు కట్టుకుని, ఖాళీ పెరట్లో సుద్దపొడి డబ్బా పట్టుకు తిరుగుతూ ఏ చెట్టు ఎక్కడుండాలో నిర్ణయిస్తున్నాడు.

మల్బరీ వీధిలోకి పోయింది, దారినపోయేవాళ్లు తిని వాళ్ల బట్టలే మరకలు చేసుకుంటారని. ఖుబానీ వంటింటికి దూరంగా, చెర్రీ పిల్లకాలువ గట్టున. దానిమ్మలకు విశాలంగా చోటు వదిలాడు. చలికాలం రాగానే మంచు తగలకుండా వాటిని వంచి మట్టి కింద పాతిపెట్టాలి కదా.

"ఏమండీ, ఆ ఉత్తరం గోడ దగ్గర నాకో అంజూరం పెట్టండి," అంది భార్య సనోబర్. "రోజంతా ఎండ కాసేది ఆ గోడకే."

"అది అక్రోటుకి."

"అక్రోటుకి వెచ్చటి గోడతో పనేముంది?"

మాస్టారు అక్కడ సుద్దతో గుండ్రంగా గీత గీశాడు. పని గోడతో కాదు, గోడ అవతల ఉన్న ఎగంబెర్దీ ముసలాయన ద్రాక్షపందిరితో. అక్రోటు అక్కడ పెరిగితే దాని నీడంతా ఆ పందిరి మీదే పడుతుంది. ఒకప్పుడు ఎగంబెర్దీ క్లబ్బులో ముందు వరసలో కూర్చుని, ఆత్మ అనేది లేదని మాస్టారు నిరూపిస్తుండగా గురక పెట్టాడు. హాలంతా నవ్వింది. ఇంత చిన్న విషయం తనకు గుర్తుందని మాస్టారు ఒప్పుకోడు. గుర్తుండటం, గుర్తుందని ఒప్పుకోవడం ఆయన లోపల వేరువేరు గదులు. మధ్య తలుపుకి తాళం వేసి ఉంటుంది.

ఆ తాళం వేసిన గదిలోనే ఇంకోటీ ఉంది. అక్రోటు నాటినవాడు, దాని మొదలు తన మెడంత లావు కాగానే పోతాడు. చుస్త్‌లో పుట్టిన ప్రతివాడికీ ఈ నమ్మకం తల్లిపాలతో పాటే అందుతుంది. అందుకే అక్కడ అక్రోటు మొక్క తెచ్చినవాడు ముందు గొయ్యి కోసం కాదు, ముసలివాడి కోసం వెతుకుతాడు.

మాస్టారు రొట్టెలూ ఎండుద్రాక్షా పట్టుకుని ఎగంబెర్దీ ఇంటికి వెళ్లాడు.

"పెద్దలు మీరు. మీ చెయ్యి మంచిది. మా పెరట్లో ఆ అక్రోటు మీ చేత్తో నాటిస్తే మాకు గౌరవం."

ఎగంబెర్దీ పిడిలేని పియాలా కప్పులో టీ ఊదుకున్నాడు.

"మూఢనమ్మకమేం లేదు కదా, మాస్టారూ?"

"ఛ. గౌరవం కొద్దీ."

"నాకూ గౌరవమే. కాయలు కొరికే పళ్లు ఎలాగూ లేవు, నాటడానికి చేతులున్నాయి. కానీ నాటేవాడే చోటు చూడాలి. అది ఆనవాయితీ."

అలాంటి ఆనవాయితీ ఉన్నట్టు మాస్టారు ఎన్నడూ వినలేదు. కాదంటే మాత్రం అసలు ముసలాయననే ఎందుకు పిలిచాడో చెప్పాల్సొస్తుంది.

ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి, సుద్దగీతల మీద నుంచే నడిచి, ఉత్తరం గోడ దగ్గర ఆగి, తన పందిరి వంకా ఎండ వంకా చూసి, నవ్వి, వెనక్కి తిరిగాడు. పెరటి నడుమ, అతిథుల గది కిటికీకి ఎదురుగా కర్ర దిగ్గొట్టాడు. "ఇక్కడ."

గొయ్యి తవ్వి మొక్క దింపాడు. "కాస్త నిటారుగా పట్టుకో, మాస్టారూ." మాస్టారు పట్టుకున్నాడు. ముసలాయన రెండు గుప్పెళ్ల మట్టి వేసి నడుం పట్టుకున్నాడు. మొక్క కొంచెం పక్కకి ఒరిగింది. వంకరగా ఉన్న దేన్నీ చూసి ఊరుకోలేని మాస్టారు దాన్ని సరిచేసి, మిగతా మట్టి లాగి, కాలితో గట్టిగా తొక్కాడు. తర్వాత అందరూ పులావ్ తినడానికి లోపలికి వెళ్లారు.

ఉత్తరం గోడ దగ్గర సనోబర్ అంజూరం పెట్టుకుంది.

ఏటా ఆకు రాలే కాలంలో ఎగంబెర్దీ వచ్చేవాడు. చొక్కా మీద కట్టుకున్న నడుంగుడ్డ విప్పి చెట్టు మొదలు చుట్టూ తిప్పి, అంత మేర వేలితో పట్టుకుని, అదే తన మెడకు చుట్టి చూపించేవాడు. "ఇంకా టైముంది, మాస్టారూ. టీ పొయ్యి." మాస్టారు నవ్వేవాడు. ముసలాయనకు జ్వరమొస్తే మాంసం చారు ఎవరిచేతా పంపకుండా తానే తీసుకెళ్లేవాడు. మంచం పక్కన కూర్చుని ముఖంలో రంగు చూసేవాడు. ఇది జాలి అనే అనుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు తన నడకలో ఎందుకంత హుషారుంటుందో మాత్రం ఆలోచించలేదు.

చెట్టు కాపుకొచ్చింది. ఒక ఏడు ఎగంబెర్దీ మెడ చుట్టూ గుడ్డ వదులైపోయింది.

"మించిపోయింది," అన్నాడు ముసలాయన. "వస్తాను మరి."

ఆ శీతాకాలమంతా మాస్టారు పొరుగింటి ఏడుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. వసంతం వచ్చింది. ఎగంబెర్దీ గోడ అవతల ఉల్లినారు తీస్తూ కూనిరాగం తీస్తున్నాడు.

మొదట మాస్టారికి గర్వం కలిగింది. తాను జీవితమంతా చెప్పిందే నిజమైంది. ఇదంతా ఉత్త నమ్మకం. ఆ గర్వం పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు పోయింది. అద్దంలో తన మెడ కనిపించింది. నమ్మకం అబద్ధమైతే సరే. అబద్ధం కాకపోతే, ముసలాయన బతికున్నాడంటే, నాటింది ఆయన కాదు.

"మాస్టారూ," ఎగంబెర్దీ గోడ మీద నుంచి పిలిచాడు. "నాకూ ఓ సందేహం. నేను గొయ్యి తవ్వాను, అంతేగా. మట్టి తొక్కినవాడేమో నాటినవాడు?"

"అదంతా మూఢనమ్మకం."

"అవునవును. క్లబ్బులో చెప్పావుగా. నేను ముందు వరసలోనే ఉన్నాను. హాయిగా నిద్రపట్టింది."

ఆ రోజు నుంచి మాస్టారికి ఆకలి పెరిగింది. గొర్రెతోక కొవ్వు వేసిన పులావ్ రెండోసారి వడ్డించమనేవాడు, మాంసం కూరిన సంసాలు వేడివేడిగా మింగేవాడు. సనోబర్ చొక్కా కాలర్లు విప్పి కుడుతూనే ఉండేది. మెడకీ మానుకీ పందెం నడుస్తోంది. డాక్టరు గుండె విని, కొవ్వు మానకపోతే ఎక్కువ రోజులుండవన్నాడు. తింటే గుండె, మానితే చెట్టు. మాస్టారు పిల్లకాలువ నీళ్లు చెట్టువైపు రాకుండా కట్ట వేశాడు. వేళ్లు అప్పటికే కాలువ దాకా వెళ్లి తాగుతున్నాయి.

చివరికి ఒక మధ్యాహ్నం రంపం తీశాడు.

"గదిలోకి వెలుతురు రావడం లేదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

గోడ మీద ఎగంబెర్దీ గడ్డం ప్రత్యక్షమైంది. "కాయలున్న చెట్టు, మాస్టారూ. పేటంతా అడుగుతుంది ఎందుకు కొట్టావని. ఏం చెప్పమంటావు?"

మాస్టారి చెయ్యి రంపం మీదే ఆగింది. కోస్తే భయపడ్డాడని ఊరికి తెలుస్తుంది. కోయకపోతే... మెడ మీద చెమట పట్టింది.

సనోబర్ టీ కెటిల్ కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ రంపం లోపల పెట్టండి. ఆ చెట్టు మీరు నాటలేదు. ఆయనా నాటలేదు."

"అంటే?"

"మీరు పులావ్‌కి వెళ్లాక చూశాను. వేళ్లన్నీ మడిచి తొక్కేశారు. పీకేసి, గొయ్యి మళ్లీ తవ్వి, వేళ్లు విడదీసి నేను నాటాను. చెప్తే నామోషీ పడతారని చెప్పలేదు."

ఎగంబెర్దీ గడ్డం గోడ మీద ఇంకాస్త పైకి లేచింది.

మాస్టారి భుజాలు ఆయనకు తెలియకుండానే దిగాయి. ఊపిరి పొట్ట దాకా వెళ్లింది. ఎన్నో నెలల తర్వాత ఆకుల పచ్చదనం, గిన్నెలోని ఎండుద్రాక్ష, దూరంగా ఎవరిదో గాడిద అరుపు, అన్నీ ఒక్కసారే బావున్నాయి. "పోనీలే," అన్నాడు. "కాపున్న చెట్టు. కొడతామా ఏమిటి."

అప్పుడాయన చూపు తలగుడ్డ కింద కనిపిస్తున్న సనోబర్ మెడ మీదికి వెళ్లింది. సన్నటి మెడ. చూపు అక్కడి నుంచి చెట్టు మొదలు మీదికి జారింది. మళ్లీ మెడ మీదికి వచ్చింది.

సనోబర్ అదంతా చూస్తూనే నిలబడింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది.

"బాబాయ్, మీ నడుంగుడ్డ ఒకసారి ఇవ్వండి. మాస్టారు కొలుచుకుంటారు."