పిల్లికి దారిచ్చిన జాలీ తలుపు

నేను ఒక జాలీ తలుపుని. కాకినాడలో ఒక అద్దె ఇంటి వంటింటికి, పెరటికి మధ్య కాపలా నాది. వడ్రంగి వేపచెక్క చట్రానికి సన్నటి ఇనుప జాలీ కొట్టి నన్ను నిలబెట్టిన రోజున, ఇక ఈ ఇంట్లోకి దోమన్నది రాదని ఎంత మురిసిపోయానో. మనుషుల సంగతి అప్పటికి నాకేం తెలుసు? నన్ను బార్లా తెరిచిపెట్టి పక్కింటివాళ్లతో కబుర్లు చెబుతూ, దోమలు కుట్టేస్తున్నాయని నన్నే తిట్టేవాళ్లు.

మొదట అద్దెకున్న గుమస్తా నామీద తడి తువ్వాళ్లు ఆరేశాడు. తర్వాత వచ్చిన కొత్త జంట అలిగినప్పుడల్లా నన్నే దబాలున వేసేవారు. వాళ్ల కాపురం కుదుటపడింది గానీ నా మడతబందులు వదులయ్యాయి.

ఆపైన పేర్రాజుగారు, ఆయన భార్య వరహాలమ్మ దిగారు. ఇంట్లో ఏది చెడినా పనివాణ్ణి పిలవడం పేర్రాజుగారికి తలవంపు. ఆయన చెయ్యిపడితే కుళాయి కారడం మానేది, నీళ్లు రావడమూ మానేది. నా కింది మూల మాటిమాటికీ చిరిగేది. ఆయన తీగతో కుట్టేవారు. మళ్లీ చిరిగేది. పిల్లి పనే అని వరహాలమ్మ నిట్టూర్చేది. నిజానికి ఆ కుట్లు జడపిన్నుతో విప్పేది ఆవిడే. పాలు తాగిందని మొగుడు తరిమేసిన బూడిదరంగు పిల్లికి అది దొంగదారి. అంత అమాయకంగా నిట్టూర్చే మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

ఆ పిల్లి బియ్యం డబ్బా వెనక ఈనింది. ఆ సంగతి ఆవిడ కడుపులోనే దాచుకుంది.

ఓ ఉదయం ఆవిడ రైతుబజారుకు వెళ్లగానే, పేర్రాజుగారు నా కింది మూలకు రెండు పొరల జాలీ వేసి మేకులతో బిగించేశారు. పిల్లి అప్పుడు పెరట్లో ఉంది. కాసేపటికి లోపల సన్నగా కీచుమని శబ్దం. ఆయన నా మడతబందులకు కొబ్బరినూనె పోశారు. ఆగలేదు. ఫ్యానుకు పోశారు. ఊహూఁ. అవతల తల్లి నామీద పంజాలు విసురుతోంది, ఇవతల కళ్లు తెరవని కూనలు పాలకోసం ఏడుస్తున్నాయి. మధ్యన నిలబడ్డ పాపం నాదే అయింది. నోరుంటే చెప్పనా?

చివరికి నూనె గిన్నెతోనే వంగి ఆయన బియ్యం డబ్బా జరిపారు. అక్కడే చతికిలబడిపోయారు. లేచి నన్ను తెరిచి, "రావే తల్లీ, నీ పిల్లలేనే" అని బతిమాలారు. కర్రపుచ్చుకు తరిమిన మనిషిని అది నమ్ముతుందా? గోడెక్కి కూర్చుంది. దానికి తెలిసిన దారి నా కింది మూల ఒక్కటే.

ఆయన కత్తెర తెచ్చి, పొద్దున తను బిగించిన జాలీనే చదరంగా కోశారు. పిల్లి ఒంటికి గీరుకోకుండా అంచులు మడిచి కుట్టారు. నన్ను మూసి, గదిలో మంచం వెనక నక్కారు. పిల్లి దిగింది, వాసన చూసింది, సర్రున లోపలికి దూరింది. కీచు శబ్దం ఆగింది. పేర్రాజుగారి జన్మలో పూర్తిగా కుదిరిన రిపేరు అదే.

వరహాలమ్మ కూరల సంచితో వచ్చి ఆ కన్నం చూసింది.

"ఇదెవరి పనండీ?"

"ఇంకెవరిదే, ఆ పిల్లిదే."

ఆవిడ వంగి కుట్లు తడిమింది. "దాని చెయ్యి మంచిదండీ," అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

ఇప్పుడు నాలోంచి కూనలూ వస్తాయి, వాటి వెంట దోమలూ వస్తాయి. చూడవచ్చినవాళ్లు ఈ తలుపు చెడిపోయిందంటారు. అననివ్వండి. ఇంత హాయిగా నేనెన్నడూ లేను.