మోదుగాకులో గట్క

ఆ రోజు తను పడిపోయింది ఆకలి వల్లేనా? ఇరవయ్యేడేళ్లుగా పిచ్చయ్య మనసులో ఈ సందేహం అలాగే ఉండిపోయింది. ఎవరినైనా అడగాలంటే ముందు జరిగింది చెప్పాలి. జరిగింది ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్య బుల్లెమ్మకు కూడా.

అప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు. ఫారెస్టు గార్డు ఉద్యోగానికి ఖమ్మంలో నడక పరీక్ష పెట్టారు. నాలుగు గంటల్లో ఇరవై అయిదు కిలోమీటర్లు నడవాలి. పిచ్చయ్య వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి దమ్మపేటలో స్థిరపడిన రైతులు. స్నానం చేసి, రాముడి పటం ముందు దీపం పెట్టనిదే ఆ ఇంట్లో మంచినీళ్లు తప్ప మరేదీ ముట్టరు. పరీక్ష తెల్లవారుజామున. బస చేసిన సత్రంలో పటమూ లేదు, దీపమూ లేదు. అందుకని ఖాళీ కడుపుతోనే వెళ్లి వరుసలో నిలబడ్డాడు. పక్కనే టేకులపల్లి దగ్గరి కోయగూడెం నుంచి వచ్చిన పోతయ్య అనే కుర్రాడు మోదుగాకు పొట్లం విప్పి, జొన్నరవ్వతో ముద్దగా వండిన గట్క ఇంత తీసి ఇవ్వబోయాడు.

"పూజ కాలేదు" అని పిచ్చయ్య చేయి వెనక్కి తీసుకున్నాడు.

పద్దెనిమిదో కిలోమీటరు రాయి దగ్గర ఆయన కళ్లు బైర్లు కమ్మాయి. రోడ్డు పక్కన కూలబడ్డాడు. అందరూ దాటిపోయారు. పోతయ్య ఒక్కడే ఆగి, మధ్యాహ్నానికి దాచుకున్న గట్క ముద్ద తీసి నోట్లో పెట్టాడు. ఈసారి పిచ్చయ్య పూజ మాట ఎత్తలేదు. మొత్తం తిన్నాడు.

"ఇది లెక్కకు రాదు. కింద పడి తిన్నవ్" అని పోతయ్య నవ్వాడు. "పొద్దుగాల పిలిచి పెడితే వద్దన్నవ్ జూడు, అది బాకీ వున్నవ్. ఎప్పుడన్న మా ఇంటికొచ్చి, నేను పెడితే కాదనకుండ తినాలె. గప్పుడు తీరుద్ది."

అని, పోయిన సమయం కూడదీసుకుంటూ వెళ్లిపోయాడు. ఉద్యోగం కూడా తెచ్చుకున్నాడు. పిచ్చయ్య ఇంటికొచ్చి కాలు బెణికిందని చెప్పాడు. ఆ తర్వాత ఎప్పుడు బస్సు టేకులపల్లిలో ఆగినా, ఆయన రెండో వైపు కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు.

రెండువేల ఎనిమిదిలో కూతురు లిఖిత వంతు వచ్చింది. అదే అటవీ శాఖలో బీటు ఆఫీసరు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక నడక మిగిలింది. ఆడపిల్లలకు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు. అది దాటితే ఉద్యోగం. దాటకపోతే మళ్లీ పోస్టులు ఎప్పుడు పడతాయో చెప్పేవాడు లేడు. ఇరవై రోజుల గడువుంది. రోజూ అయిదింటికి లిఖిత అశ్వారావుపేట రోడ్డు మీద, పామాయిల్ తోటల మధ్య నడక సాధన చేస్తుంటే, పిచ్చయ్య టీవీఎస్ బండి మీద వెనకాలే వెళ్తూ గడియారం చూసేవాడు.

"ఏవండీ, పిల్లకు రెండు ఇడ్లీలన్నా పెట్టనివ్వండి. కడుపులో ఏమీ లేకుండా అంత దూరం ఎలా నడుస్తుంది?" అంది బుల్లెమ్మ.

"స్నానం లేదు, దీపం లేదు. చెమట పట్టి వచ్చాక ఎలాగూ స్నానం చేయాలి. అప్పుడు దీపం పెట్టుకుని తింటుంది."

"రాముడు పద్నాలుగేళ్లు అడవిలో తిరిగాడు కదా, ఏ పటం ముందు దీపం పెట్టి తిన్నాడో అడగండి ఆయన్నే."

ఇలాంటి మాట పడ్డప్పుడు పిచ్చయ్య పశువుల కొట్టం వైపు వెళ్లిపోతాడు. ఆ రోజూ అలాగే వెళ్లాడు.

తొమ్మిదో నాడు, పదకొండో కిలోమీటరు దాటాక లిఖిత నడక తడబడింది. కల్వర్టు గోడ మీద కూర్చుండిపోయింది. మొహం పాలిపోయింది. పిచ్చయ్య బండి పడేసి పరుగెత్తాడు. బండి సంచిలో పటికబెల్లం పొట్లం ఉంది. రాముడి నైవేద్యానికని ముందురోజు సాయంత్రం కొన్నది. పొట్లం చేతిలోకి తీసుకుని ఆగాడు. ఆగింది ఎంతసేపని, నాలుగు ఊపిర్లు కూడా ఉండవు. కాని ఆ నాలుగు ఊపిర్లకు తర్వాత చాలా కాలం సిగ్గుపడ్డాడు.

"పూజకు తెచ్చింది కదా నాన్నా?"

"తిను."

కాసేపటికి పిల్ల మొహంలోకి రక్తం వచ్చింది. "నీకైతే అప్పుడు కాలు బెణికింది. నేను ఏం చెప్పుకోవాలి?" అంది నవ్వబోయి, నవ్వలేక.

పిచ్చయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. "కాలు బెణకలేదమ్మా" అన్నాడు. తర్వాత అంతా చెప్పాడు. సత్రం, గట్క, పద్దెనిమిదో రాయి, పోతయ్య చెప్పిన బాకీ.

"మరి ఇన్నేళ్లలో ఆయనింటికి ఎందుకు వెళ్లలేదు?"

"వెళ్తే తినాలి కదా."

"తింటే?"

తప్పుకుపోదామంటే అక్కడ పశువుల కొట్టం కూడా లేదు. "ఏమో తల్లీ. ఆ రోజు తిన్నందుకు రాముడు ఏమీ అనలేదు. అననందుకే భయం" అన్నాడు.

మర్నాడు మూడున్నరకే లేచి స్నానం చేసి, కూతురి బదులు తనే దీపం పెట్టాడు. ఇంట్లో ఒకరు పెడితే అందరూ పెట్టినట్టేనని తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు. బుల్లెమ్మ సంబరం పట్టలేక పిల్ల చేత ఆరు ఇడ్లీలు తినిపించింది. మూడో కిలోమీటరు దగ్గర డొక్కలో పోటు. అయిదో కిలోమీటరు దగ్గర వాంతి. ఖాళీ కడుపూ పనికిరాలేదు, నిండు కడుపూ పనికిరాలేదు. పిచ్చయ్యకు దిక్కు తోచలేదు.

"ఆ గట్కే చేసి పెట్టమ్మా" అంది లిఖిత.

బుల్లెమ్మ ఎన్నడూ గట్క వండలేదు. పొలంలో పనికొచ్చే రూప్లిని అడిగి నేర్చుకుంది. నడకకు గంట ముందు గుప్పెడు గట్క, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. మొదటి వారం పడుతూ లేస్తూ సాగినా, ఆ పిల్ల ఒంటికి అది సరిపోయింది. అందరికీ అదే సరిపోతుందో లేదో పిచ్చయ్యకు తెలియదు. ఖమ్మంలో పరీక్షనాడు లిఖిత పదహారు కిలోమీటర్లూ మూడు గంటల ఇరవై నిమిషాల్లో నడిచి వచ్చింది. గీత దాటాక కూడా నిలబడే ఉంది. పిచ్చయ్యకు అదే ఎక్కువ అనిపించింది.

తర్వాతి ఆదివారం తండ్రీ కూతుళ్లు తొలి బస్సుకు బయల్దేరారు.

"దీపం?" అంది బుల్లెమ్మ.

"వచ్చాక పెడతాను."

బుల్లెమ్మ వచ్చి ఆయన నుదుటి మీద చేయి పెట్టి చూసింది. జ్వరం లేదు.

పోతయ్య ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నెరిసిన మీసం, ఖాకీ ప్యాంటు, పైన బనియను, నోట్లో వేపపుల్ల. పిచ్చయ్యను ఎగాదిగా చూశాడు.

"ఎవలు?"

"ఖమ్మం నడక పరీక్ష. పద్దెనిమిదో రాయి."

పోతయ్య వేపపుల్ల పడేశాడు. "ఓ జంపా! పూజ కాలేదన్నాయన వచ్చిండే!" అని ఇంట్లోకి కేకేశాడు.

భార్య జంపక్క తలుపు దగ్గరికి వచ్చింది. "నువ్వేనా అన్నా? పెండ్లయిన కాంచి నీ కత చెప్పి చెప్పి నా చెవులు తినిపెట్టిండు. నువ్వు ఉత్త కతనే అనుకున్న, మనిషివి గూడ వున్నవా!"

మంచం వాల్చారు. లిఖిత పరీక్ష సంగతి విని పోతయ్య ఆమె తల మీద చేయి వేశాడు. పిచ్చయ్య ఇక ఉండబట్టలేక అడిగాడు. "పోతయ్యా, ఒక్కటి చెప్పు. నేను ఆ రోజు పడింది ఆకలికేనా?"

"ఆకలి వుండె. గానీ మొదటి ఐదు కిలోమీటర్లు నువ్వు కుక్క తరిమినట్టు ఉరికినవ్ గద! నడువుమంటే ఉరుకుతరా ఎవలన్న? అందుకు పడ్డవో, ఇందుకు పడ్డవో, నాకేం ఎరుక?"

లిఖిత పకపకా నవ్వింది. ఇరవయ్యేడేళ్ల సందేహానికి దొరికిన జవాబు ఇదీ. నవ్వుతూనే ఆ పిల్ల పెరట్లో వంగిన కొమ్మకున్న పచ్చి మామిడికాయ అందుకోబోయింది.

"ముట్టకు బిడ్డా, ముట్టకు!" అని జంపక్క పరుగున వచ్చింది. "ఇంక మామిడికాయ పండగ చెయ్యలే. వేల్పుకు పెట్టినంకనే మేం ముట్టాలె."

పిచ్చయ్య మంచం మీద ముందుకు వంగాడు. "అంటే మీకూ ఉందన్నమాట, దేవుడికి పెట్టకుండా తినకూడదని."

"అవ్, ఎందుకుండదు?" అన్నాడు పోతయ్య. "కొత్త కాయ ఆయనది. ఆయనకు పెట్టినంకనే మనకు. గట్క మనది. తిని పనికి పొమ్మని ఆయనే చెప్పిండు."

పిచ్చయ్య ఆలోచనలో పడ్డాడు. తమ ఇంట్లో బియ్యపు గింజ దగ్గర్నుంచి అన్నీ ఆయనవే. అదీ తప్పనిపించలేదు. కాని అన్నీ ఆయనవైతే కల్వర్టు మీద కూర్చున్న పిల్ల ఆకలి మాత్రం ఎవరిది? అది కూడా ఆయనదే అయి ఉండాలి. అవునో కాదో, ఇంటికి వెళ్లి దీపం ముందు కూర్చుని అడగాలనుకున్నాడు.

జంపక్క కంచంలో గట్క తెచ్చింది.

"కంచంల గాదు, ఆకుల తే" అన్నాడు పోతయ్య. మోదుగాకులో ముద్ద పెట్టించుకుని, ఆనాడు వరుసలో నిలబడ్డట్టే పిచ్చయ్య పక్కకు వచ్చి నిలబడ్డాడు. "తింటవా?"

పిచ్చయ్య లేచి నిలబడ్డాడు. మనసులో ఒక్కసారి రామా అనుకుని, అప్పుడు వెనక్కి తీసుకున్న చేయి ఇప్పుడు ముందుకు చాపాడు.

"తింటాను."

ముద్ద వేడిగా ఉంది. నమిలి మింగి, "ఉప్పు చాల్లేదు" అన్నాడు.

"బాకీ కట్టేటోడివి, నీకు వంకలు గూడనా!" అంటూ జంపక్క ఉప్పు గిన్నె జరిపింది. పిచ్చయ్య చిటికెడు వేసుకుని, ఆకులో మెతుకు మిగలకుండా తిన్నాడు.