జూలీకి కాపలా

తడిగుడ్డ పట్టుకుని మా కుక్క జూలీ వెనకే తిరుగుతున్నాను. బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లు మాది. మసక రంగు బండ మీద నెత్తురు చుక్క తడిగా ఉన్నప్పుడు కనపడదు, ఆరాకే మరక తేలుతుంది. మరక తేలిందంటే మా అత్త సారమ్మ నోరు లేస్తుంది.

"దాన్ని బయట కట్టేయ్ ప్రసన్నా. ఇల్లంతా మైల చేస్తాంది" అంది మంచం మీంచే, ఒళ్లో బైబిల్ పెట్టుకుని. బైబిల్ చదివే ఇంట్లో మైల ఏందత్తా అని అడగొచ్చు. అడిగితే ఆ మాట ఆళ్ళగడ్డంతా తిరిగి, మా అమ్మ చెవిన పడి, చివరికి నాకే తిరిగొస్తుంది. గుడ్డ పిండాను.

జూలీ ఎదకొచ్చింది. గేటు బయట వీధికుక్కలు పొద్దుటి నుంచే బారులు తీరాయి. నా భర్త ఎజ్రా బండల డిపోలో సూపర్‌వైజరు. డిపో యజమాని దేవరాజు ఇంట్లో మంచి జాతి మగకుక్క ఉంది. దానికి ఒంట్లో బాగాలేదని ఈసారికి ఆగారు గానీ, వచ్చే ఎదకు దాంతోనే జూలీని జత కట్టించి, పుట్టిన పిల్లల్లో మంచిదాన్ని దేవరాజుకే ఇస్తానని ఎజ్రా మాట ఇచ్చేశాడు. "అంతవరకు జాగర్తగా చూసుకో. వీధికుక్క తగిలిందంటే జాతి చెడిపోతాది, ఆయన ముందర నా మాట పోతాది" అన్నాడు నాతో. మాట ఆయనది, కాపలా నాది. మా ఇంట్లో తడిగుడ్డ ఎవరి చేతిలో ఉంటే పూచీ వాళ్లదే.

కాపలా అంటే ఏమిటో కాసిన వాళ్లకే తెలుస్తుంది. వీధి లేవకముందే ఒక చేత్తో గొలుసు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని జూలీని బయటికి తిప్పాలి. తిప్పి తెచ్చి, వెనక గదిలో వేసి, గొళ్లెం పెట్టాలి. వంట చేసి, పిల్లలు అక్షయకూ కెజియాకూ జడలు వేసి, ఆటోలో శిరివెళ్ల స్కూలుకు పరుగెత్తాలి. నాలుగో తరగతికి భిన్నాలు చెబుతూ గొళ్లెం సరిగ్గా పడిందా లేదా అని ఆలోచించాలి. ఆ బాధ పడలేకే ఆపరేషన్ చేయిద్దామని ఎజ్రాను అడిగాను.

"ఒగ తూరన్నా ఈనకుండానే ఆపరేషనా? ఆడదై పుట్టినాంక తల్లి కాకుంటే దాని ఉసురు తగుల్తాది. దేవుడిచ్చేదాన్ని ఆపేదానికి మనమెవురు?"

ఆ చివరి మాట నాకు కొత్త కాదు. కెజియా పుట్టినప్పుడు నంద్యాలలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నాను. నడుము కింద స్పర్శ లేదు, పైన చెవులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. నెత్తురు బాగా పోయింది, ఇంకో కాన్పు ఈమెకు మంచిది కాదు, ఇప్పుడే ట్యూబులు ముడేసేద్దామా, అడిగి రమ్మని డాక్టరమ్మ నర్సును బయటికి పంపింది. బయటికి! నేను అక్కడే ఉన్నాను, కళ్లు తెరుచుకునే ఉన్నాను. నర్సు తిరిగొచ్చి, "ఇద్దరూ ఆడపిల్లలే కదా, దేవుడిచ్చేదాన్ని ఆపొద్దంటాండారు మేడమ్" అంది. అంతే, నన్ను అలాగే కుట్టేశారు. మగవాళ్లు చేయించుకునే ఆపరేషన్ చిన్నదట కదా అని తర్వాతెప్పుడో అన్నాను. "బండలెత్తేటోన్ని, నా నడుము పోతే ఎట్ల?" అన్నాడు. ఎజ్రా బండ ఎత్తగా చూసినవాడు ఆ డిపోలో ఒక్కడూ లేడు.

ఇక నా కాపలా నేనే కాసుకున్నాను. ఆశా వర్కరు దగ్గర కడుపు రాకుండా వేసుకునే మాత్రలు తీసుకునేదాన్ని. మొదట్లో బీరువాలో చీరల మధ్య పెట్టేదాన్ని, అత్త పట్టుకుని కొడుక్కి చూపించింది, ఆయన మురిక్కాలవలో పారేశాడు. అప్పటి నుంచి స్కూల్లో నా అలమరలో, సుద్దముక్కల డబ్బా అడుగున దాచుకుని అక్కడే వేసుకునేదాన్ని. సెలవులొస్తే ముందు రోజు మాత్రల పట్టీ తీసి రవికెలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. మొన్న దసరాకు వానలని సెలవులు ముందే ఇచ్చేశారు. ఫోన్లో మెసేజ్ వచ్చేసరికి నేను ఇంట్లో ఉన్నాను, స్కూలుకు తాళం పడింది. సుద్దముక్కల కోసం తాళం తీయమని హెడ్మాస్టరును ఏ మొహం పెట్టుకుని అడగను? సెలవులన్నీ మాత్ర లేకుండానే గడిచిపోయాయి. బడి తెరిచాక మళ్లీ మొదలుపెట్టాను గానీ, ఇప్పుడు నెల దాటింది. నాకు రావలసింది రాలేదు. ఇల్లంతా జూలీ నెత్తురు తుడుస్తున్నాను, నా నెత్తురు కోసం రోజూ దేవుణ్ని అడుక్కుంటున్నాను.

జూలీ సంగతి నంద్యాలలో పశువుల డాక్టరు వాణి గారికి ఫోన్ చేసి అడిగాను. "ఎద ఆపే ఇంజెక్షన్ల జోలికి పోవద్దమ్మా, గర్భసంచి చెడిపోతుంది. డైపర్ కట్టినా నెత్తురు కారకుండా ఉంటుందే గానీ మగకుక్క ఆగదు. ఒక్కటి గుర్తు పెట్టుకో, నెత్తురు తగ్గిపోయిందని వదిలేయద్దు. ఆడకుక్క మగకుక్కను ఒప్పుకునేది అప్పుడే. ఇంకో రెండు వారాలన్నా లోపలే ఉంచు" అంది. ఇంట్లో అందరికీ చెప్పాను. అత్త నవ్వింది.

డిసెంబరు మొదటి ఆదివారం వచ్చింది. మా చర్చిలో మొదటి ఆదివారం సంస్కారం, ప్రభువు రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. ఎక్కడా రాసిలేదు, పాస్టరు అయ్యగారు ఎన్నడూ చెప్పలేదు, కానీ నెలసరిలో ఉన్న ఆడవాళ్లు దానికి లేవరు. బెంచీలోనే కూర్చుంటారు. ఎవరు కూర్చున్నారో ఆడవాళ్ల వైపు అందరికీ కనపడుతుంది. మా అత్తకు క్యాలెండరుతో పని లేదు, నా లెక్క ఆమెకు అక్కడే దొరుకుతుంది.

బయల్దేరే ముందు, "నెత్తురు ఆగింది కదా, ఇంకేం భయం? ఇడిసిపెట్టు, ఇంటికి కాపలా ఉంటాది" అంది అత్త. డాక్టరు చెప్పింది మళ్లీ చెప్పాను. "నలుగుర్ని కన్నదాన్ని, నెత్తురు ఆగితే ఏమైతాదో నాకు నేర్పుతాండావా?" అంది. నేను జూలీని వెనక గదిలో వేసి గొళ్లెం పెట్టాను. ఆటో ఎక్కాక, కళ్లజోడు మర్చిపోయానని అత్త మళ్లీ ఇంట్లోకి వెళ్లొచ్చింది.

చర్చిలో మా వరస వంతు వచ్చింది. పోయిన నెల కెజియాకు జ్వరమని నేను చర్చికే రాలేదు, అంతకుముందు నెలలన్నీ కూర్చునే ఉన్నాను. ఈసారీ ఊరికే కూర్చుందామా అనుకున్నాను. ప్రభువు బల్ల ముందు అబద్ధమాడటానికి కాళ్లు ఒప్పుకోలేదు. లేచాను. మోకాళ్ల మీద ఉన్నప్పుడు అత్త చూపు నా వీపు మీదే ఉందని తెలుస్తూనే ఉంది. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద అత్త అయ్యగారి భార్య చేతులు పట్టుకుని, "ఈ తూరి మా కోడలు లేసింది అమ్మగారూ. మగపిల్లోడి కోసరం ప్రార్థన చేయండి" అంది. ఎజ్రా నవ్వుకుంటూ తల దించుకున్నాడు. నాకు ఇంకా సరిగ్గా తెలియని సంగతి ఊరికి తెలిసిపోయింది.

ఇంటి దగ్గర ఆటో ఆగేసరికి గేటు ముందు జనం. జూలీ, చెవి తెగిన వీధికుక్క, వెనకా వెనకా అతుక్కుని నిలబడి ఉన్నాయి. పిల్లలు చూడకుండా నేను వాళ్ల కళ్లు మూశాను. ఎజ్రా దిగి కర్ర తీసుకున్నాడు.

"కొట్టద్దు. లాగితే దానికి లోపల చీలిపోతాది. వాటంతటవే ఇడిపోతాయి" అన్నాను.

ఆయన కొట్టాడు. వీధికుక్కను కాదు, జూలీని. అది ఎటూ పోలేక నిలబడే దెబ్బలు తింది. కాసేపటికి రెండూ విడిపోయాయి. చెవి తెగిన కుక్క ఒళ్లు దులుపుకుని వీధి చివరకు నడుచుకుంటూ పోయింది, దాన్ని పల్లెత్తు మాట అన్నవాడు లేడు. జూలీ పాక్కుంటూ వచ్చి నా చెప్పుల మీద పడుకుంది.

"గొళ్లెం పెట్టేదానికి కూడా చేతగాదా నీకు?" అన్నాడు నాతో. నేను అత్త వైపు చూశాను. ఆమె కళ్లజోడు తుడుచుకుంటోంది.

"రేపే నంద్యాలకు తీస్కపోయి ఆపరేషన్ చేపియ్. ఆ వీధి కుక్క పిల్లలు మనకొద్దు" అన్నాడు ఎజ్రా. దేవుడిచ్చేదాన్ని ఆపేదానికి మనమెవరని అన్నది ఈ నోరే. దేవరాజు కుక్క పిల్లలైతే దేవుడిచ్చినవి, చెవి తెగినదాని పిల్లలైతే మనకొద్దు. ఎవరి పిల్లలు కావాలో, ఎప్పుడు వద్దో ఆయనే చెబుతాడు, మోసేవాళ్లు మోయాలి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి జూలీని ఆటోలో నంద్యాల తీసుకెళ్లాను. వాణి గారు దెబ్బలకు మందు రాసింది. "ఇంకా ఎదలోనే ఉంది, ఇప్పుడు కోస్తే నెత్తురు ఎక్కువ పోతుంది. జనవరిలో చేద్దాం, కడుపు నిలిచినా గర్భసంచితోపాటే పోతుంది" అని రోజు చెప్పింది. "కుక్క ఎవరిది, సంతకం ఎవరు పెడతారు?" అని అడిగింది. నాదేనన్నాను, పెట్టాను. సాయంత్రం వరకు జూలీని అక్కడే ఉంచమని బతిమాలి, పెద్దాసుపత్రికి నడిచాను.

పరీక్ష చేశారు. నేను భయపడిందే నిజమైంది. డాక్టరమ్మ నా పాత కుట్లు చూసి, అప్పుడు ఎంత నెత్తురు పోయిందో అడిగి, "ఇది నీకు ప్రమాదమమ్మా" అంది. కడుపు తీసేసి, అప్పుడే ట్యూబులు కూడా ముడేయొచ్చని చెప్పింది.

"మా ఆయన సంతకం కావల్లా మేడమ్?"

"ఒళ్లు నీది. నీ సంతకం చాలు."

బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. పాపమా అని దేవుణ్ని అడిగాను. నాకు అక్షయ, కెజియా గుర్తొచ్చారు, నేను లేకపోతే వాళ్ల జడలు ఎవరు వేస్తారని దుఃఖం ముంచుకొచ్చింది. అక్కడే, అందరూ చూస్తుండగా ఏడ్చాను. తర్వాత లోపలికి వెళ్లి సంతకం పెట్టాను. వచ్చే వారానికి రోజు రాసిచ్చారు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. జూలీ నా కాళ్ల దగ్గర పడుకుంది. అత్త ఆ రోజు నాకోసం ప్రత్యేకంగా పాలు కాచి పెట్టింది. ఎజ్రా అన్నం ముందు కూర్చుని అడిగాడు.

"ఏమన్నారు ఆసుపత్రిలో? దానికెప్పుడు చేస్తారంట?"

కూర వడ్డించాను. పాలగ్లాసు అత్త ముందుకు జరిపాను.

"ఇద్దరికీ రోజు చెప్పినారు. ముందు నాకు."