గుండు లేని తూటా

చక్రధారివై జగముల సాకు దేవ!
యెదుట లేనట్టి వారిని నెదను నిల్పి
వేచియుండెడి వారికి విమల శాంతి
నొసఁగి రక్షింపు మెల్లెడ నుర్విఁ గృష్ణ!

ఫిజీ దీవులలోని బా పట్టణంలో, చెరకు మిల్లుకు వెనుక వీధిలో రుక్మిణమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త గోవిందు మాస్టారు అక్కడి బడిలో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పి, ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు కార్తీకమాసంలో పరమపదించాడు. పాఠాలతోపాటు ఆయనకు మరొక బాధ్యత ఉండేది. ఏటా చెరకు కోతలు మొదలయ్యే రోజుల్లో జరిగే బడి ఆటల పోటీలకు పరుగులు ప్రారంభించేవాడు ఆయనే. అందుకొక రివాల్వరు ఉండేది. దాని గొట్టం మూసి ఉంటుంది, తూటాలకు గుండు ఉండదు, మందు మాత్రమే ఉంటుంది. మోత, పొగ తప్ప అది ఎవరికీ ఏ హానీ చేయదు.

రుక్మిణమ్మ ఆ పోటీలకు ఒక్కసారీ వెళ్లలేదు. మైదానం ఇంటికి మైలు దూరం. కడపటి నాలుగేళ్లలో మాస్టారికి గుండెజబ్బు వచ్చింది. ఎండలో నిలబడవద్దని వైద్యుడు చెప్పినా ఆయన వినలేదు. అప్పటినుండి పోటీల నాడు ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని చెవి ఒగ్గి ఉండేది. ఒక మోత వినిపిస్తే ఆయన నిలబడే ఉన్నాడని అర్థం. మరొకటి వినిపించేదాకా ఆమెకు ఊపిరాడేది కాదు. ఒక్కొక్క మోత ఒక్కొక్క కుశలవార్త. ఆయన పోయిన తరువాత ఊరిలో మిల్లు కూత వినిపించేది, లారీల రొద వినిపించేది, ఆ ఒక్క శబ్దమే లేకపోయింది. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులు రెండు చెక్కలు చప్పుడు చేసి పరుగులు మొదలుపెట్టేవారు. చెక్కల చప్పుడు మైలు దూరం రాదు.

రివాల్వరును ఎవరూ అడగలేదు. ఆమె దానిని దేవుని పీఠం పక్కన ఉంచింది. ప్రతి మహానవమికీ ఆయుధపూజ చేసేటప్పుడు తక్కినవాళ్లు కొడవళ్లకూ, నాగళ్లకూ, లారీలకూ బొట్లు పెట్టుకుంటే, ఆమె దానికి కొబ్బరినూనె రాసి, పసుపూ చందనమూ నిండుగా పూసి, కుంకుమ పెట్టి, పువ్వు ఉంచేది. అలా ఆరు నవములు గడిచాయి.

స్వాతంత్ర్యం వచ్చిన ఎనిమిదో ఏట సత్యేంద్ర అనే యువకుడు బడికి ఆటల మాస్టారుగా వచ్చాడు. చిన్నప్పుడు గోవిందు మాస్టారి చేతికిందనే పరుగెత్తిన పిల్లవాడు. పోలీసు స్టేషను నుండి వచ్చిన ఉత్తరం పట్టుకుని ఒక సోమవారం ఆమె ఇంటికి వచ్చాడు. బడి పేర ఒక రివాల్వరు నమోదై ఉన్నదనీ, శుక్రవారం జరిగే పోటీల్లో అది పనిచేస్తున్నట్లు చూపించాలనీ, లేనిచో రాజధాని సువాకు పంపి కరిగించివేస్తారనీ ఆ ఉత్తరంలో ఉంది. ఆమె పువ్వు తీసి, రివాల్వరును రెండు చేతులతో అందించింది. అతడు మీట లాగి చూశాడు. అది రాయిలా కదలలేదు.

"ఈ నై చలే, ఆజీ," అన్నాడు సత్యేంద్ర. అవ్వా, ఇది పనిచేయదని అతడు హిందీలో చెప్పిన ఆ మాట రుక్మిణమ్మ మనసులో గుచ్చుకున్నది. శుక్రవారం తన గుమ్మంలో కూర్చుని ఆ మోత మరొక్కసారి వినాలని ఆ క్షణమే ఆమెకు కోరిక పుట్టింది. ఏడేళ్లుగా తాను కోరుకుంటున్నది అదేనని కూడా అప్పుడే తెలిసింది.

సువా దగ్గరి నవువా ఊళ్లో మునస్వామి అనే వృద్ధుడు ఉన్నాడు. సువాలో ఇరవై రెండేళ్లు పోలీసు ఆయుధాలు బాగుచేసి, పదవీ విరమణ తరువాత నది ఒడ్డున వరి పండించుకుంటున్నాడు. దీవిలోని బళ్లన్నీ తమ రివాల్వర్లను ఆయన వద్దకే పంపుతాయి. పిల్లలను సాధన చేయించవలసి ఉండటంతో సత్యేంద్ర రాలేనన్నాడు. స్టేషనువారు రివాల్వరును పెట్టెలో పెట్టి, తాడు కట్టి, లక్కముద్ర వేసి, ఒక చీటీ రాసి ఇచ్చారు. మంగళవారం తెల్లవారగానే రుక్మిణమ్మ బస్సెక్కింది. లౌటోకాలో బస్సు మారి, ఒడిలో పెట్టెతో నవువా చేరేసరికి పొద్దు వాలింది.

మునస్వామి భార్య కుంతి ఆమెను ఆదరించి, అన్నం పెట్టి, పడక చూపింది. మరునాడు ఉదయం మునస్వామి వరండాలో బల్ల వేసుకుని, ఇసుక నింపిన సంచి ఎదురుగా పెట్టి, ముద్ర విప్పాడు. చేతిలోకి తీసుకుంటూనే రివాల్వరు ముఖాన్ని సంచివైపు తిప్పాడు. ఖాళీదని అందరూ చెప్పినా తెరిచి చూసేదాకా నిండినదనే అనుకోవడం ఆయన వృత్తి ధర్మం. తూటాల గదులుండే చక్రం తెరవబోయాడు. తెరుచుకోలేదు. కళ్లద్దాలు సవరించుకుని పైకెత్తి చూశాడు.

"దీనికి గంధం పూసింది ఎవరమ్మా?"

"నేనే అన్నా. నవమికి."

"పెట్టెకు బొట్టు పెట్టాల. ఇనుము లోపలికి కాదు. నేనూ సువాలో పూజ చేసినోణ్ణే, తుపాకుల గది తాళంచెవికి కుంకుమ పెట్టి దండం పెట్టేది. నీ దేవుడు దీన్ని బాగా కట్టేసినాడు. పోలీసులకు కూడా ఇట్లా కట్టేది చాతకాదు."

లోపలినుండి కుంతి, ఆయనకు ఇనుముతో మాట్లాడటమే తెలుసునని, మనుషులను నొప్పించినది తెలియదని చెప్పి రుక్మిణమ్మను ఊరడించింది. తన చేతులతో తానే మాస్టారి గొంతు మూసివేశానని రుక్మిణమ్మకు అనిపించింది.

మునస్వామి మరలు విప్పి పక్కపలక తీశాడు. లోపల ఆరేళ్ల నూనె పసుపురంగు జిగురై, చందనం దానితో కలిసి సున్నంలా గట్టిపడి ఉంది. కిరోసిన్‌లో ముంచిన సన్నని కుంచెతో ఆయన చాలాసేపు కడిగాడు. కడుగుతూ, ఆమె దుఃఖం చూచి కాబోలు, చూపుడువేలితో ఒక్కొక్క భాగమూ చూపి చెప్పసాగాడు.

మీట లాగితే ఒక్క పని జరుగుతుందని జనం అనుకుంటారట. లోపల ఒకదానివెంట ఒకటిగా ఎన్నో జరుగుతాయి. ముందుగా, చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న గడియ గాడిలోనుండి కిందికి దిగి, చక్రానికి స్వేచ్ఛనిస్తుంది. వెంటనే మీటకు తగిలించిన ఒక ఇనుపముక్క, దానిని వాళ్లు చెయ్యి అంటారు, పైకి లేచి చక్రం వెనుకనున్న పంటిని నెట్టుతుంది. చక్రం ఒక గది మేర తిరుగుతుంది. అదే సమయంలో మీట ముక్కు సుత్తి పాదాన్ని ఎత్తుతూ సుత్తిని వెనుకకు వంచుతుంది, పిడిలోని స్ప్రింగు బిగుస్తూ ఉంటుంది. కొత్త గది సరిగ్గా ఎదుటికి రాగానే గడియ మళ్లీ పైకి లేచి తరువాతి గాడిలో పడి చక్రాన్ని బంధిస్తుంది. అన్నీ కుదిరిన పిమ్మటనే సుత్తి పాదం మీటనుండి జారుతుంది. అప్పుడు స్ప్రింగు సుత్తిని ముందుకు విసురుతుంది. వేలు వదలగానే మరొక స్ప్రింగు అన్నిటినీ తమ తమ చోట్లకు చేరుస్తుంది. ఈ రివాల్వరులో గడియ చందనంలో ఇరుక్కుని గాడినుండి దిగలేదు. అది దిగనిదే తక్కినవేవీ కదలవు.

మధ్యాహ్నానికి చక్రం పక్కకు తెరుచుకున్నది. మునస్వామి చేయి ఆగిపోయింది. ఆరు గదుల్లోనూ తూటాలు ఉన్నాయి. ఐదింటి వెనుక సుత్తి దెబ్బ పడిన గుంట ఉంది. ఆరోదాని వెనుక నునుపుగా, కొత్తగా ఉంది.

ఇటువంటిదానిని బస్సులో తెచ్చినందుకు ఆయన స్టేషనువారిని తిట్టుకున్నాడు. కాలినవి తీసి పారవేసి, పేలనిదానిని చమురు డబ్బాలో వేయబోయాడు. మందు తడిసిపోతే అది మరెవరికీ ప్రమాదం కాదు. రుక్మిణమ్మ లేచి వచ్చి డబ్బామీద చేయి అడ్డం పెట్టింది.

"అన్నా, అది ఆయన చేత్తో పెట్టింది. నన్ను పేల్చనీ. ఒక్క మోత."

మాస్టారు తన చివరి పోటీల నాటి సాయంకాలం ఛాతీ పట్టుకుని ఇంటికి వచ్చి, రివాల్వరును పెట్టెలో పెట్టి పడుకున్నాడనీ, మళ్లీ దానిని తెరవలేదనీ ఆమె చెప్పింది. ఆ తూటా మోగితే ఏడేళ్లుగా మిగిలిపోయిన కుశలవార్త ఒకటి ఇప్పుడు తనకు అందినట్లవుతుందని వివరించలేక, మళ్లీ మళ్లీ ఆ ఒక్క మోతనే అడిగింది.

మునస్వామి తూటాను వేళ్లమధ్య తిప్పి చూశాడు. పాత మందు ఏ విధంగా పేలుతుందో తెలియదు. అయినా పొలం గట్టుమీద, తన ఎదుట, ముఖం దూరంగా పట్టుకుని పేలిస్తే తప్పులేదని ఒప్పుకున్నాడు. భాగాలన్నీ తుడిచి, పొదుపుగా నూనె వేసి, పలక బిగించాడు. చివరగా అలవాటు చొప్పున మొత్తం పరీక్షించి చూస్తూ, రివాల్వరును వెలుగువైపు తిప్పాడు.

"మాస్టారు బొటనవేలు ఎప్పుడూ వాడలేదు," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన సుత్తి తోకను చూపించాడు. పేల్చడానికి రెండు పద్ధతులున్నాయట. బొటనవేలితో సుత్తిని ముందే వెనక్కి లాగి నిలిపితే, తరువాత మీటను తాకితే చాలు. చాలామంది అలాగే చేస్తారు, అందుచేత వాళ్ల సుత్తి తోకమీది గరుకు గీతలు అరిగిపోతాయి. ఇక్కడ ఆ గీతలు కొత్తవిగా ఉన్నాయి. మీట మాత్రం అద్దంలా అరిగింది. ఇరవై ఏళ్లూ మాస్టారు ప్రతిసారీ ఆ పొడవైన బరువైన లాగుడే లాగాడు.

"ఎందుకు అట్లా?"

"అట్లా లాగితే సగంలో ఆపొచ్చమ్మా. గీత కాడ ఎవడో పిల్లోడు తడబడతాడు, కాలు జారతాది. బొటనవేలితో ఎత్తిన సుత్తి ఆగదు, తాకితే పడతాది. ఇది ఆగతాది. మెల్లగా వదిలేస్తే వెనక్కి పోతాది." ఆయన ఆరో తూటాను బల్లమీద నిలబెట్టాడు. "కానీ వదిలేసరికి చక్రం ఒక గది జరిగిపోయి ఉంటాది. మళ్లీ లాగితే ఆ పక్కది పేలతాది. వదిలేసింది దాటిపోతాది. దీని తరవాతి గదులు కూడా పేలినాయి గదా, ఇది అట్లా దాటిపోయిందే. ఆ దినం ఎవరికోసమో ఆపినాడు."

రుక్మిణమ్మ ఆ తూటాను చూస్తూ కూర్చున్నది. ఛాతీలో నొప్పి మొదలై ఉన్న ఆ సాయంకాలం, త్వరగా ఇల్లు చేరవలసిన ఆ మనిషి, పేరు తెలియని ఒక పిల్లవానికోసం వేలు ఆపి, మెల్లగా వదిలి, మళ్లీ మొదటినుండి లాగాడు. ఆ క్షణాన తాను గుమ్మంలో కూర్చుని, ఇంకా మోగలేదేమని తల్లడిల్లి ఉంటుంది. ఆ ఆలస్యం జబ్బువల్ల అనుకుని ఉంటుంది.

మునస్వామి, గట్టుమీదికి పోదామని లేచాడు. ఆమె కదలలేదు.

"వద్దులే అన్నా. ఆయన వదిలేసినాడు. నేను లాగను."

ఆమె ఆ తూటాను తీసి, తన చేతితోనే చమురు డబ్బాలో విడిచింది. చిన్న బుడగలు రెండు పైకి వచ్చాయి. కుంతి ఆమె భుజంమీద చేయి వేసింది. అప్పుడు ఆమె ఏడ్చింది. ఏడేళ్ల కిందట కార్యాలన్నీ తానై జరిపించవలసి వచ్చి ఏడవడానికి తీరిక దొరకలేదని కుంతితో ఆ రాత్రి చెప్పుకున్నదట.

గురువారం ఆమె బాగుపడిన రివాల్వరుతో బా చేరింది. శుక్రవారం ఉదయమే వంట ముగించి, గుమ్మంలో కూర్చోలేదు. తెల్లచీర కట్టుకుని, గొడుగు వేసుకుని, మైలు దూరం నడిచి మైదానానికి వెళ్లింది. సత్యేంద్ర ఆశ్చర్యపోయి ఆమెకు కుర్చీ వేయించాడు. ఆమె కుర్చీని వద్దని, పరుగు మొదలయ్యే గీతకు దగ్గరగా తాడు పక్కన నిలబడింది. స్టేషనునుండి వచ్చిన పోలీసు కూడా అక్కడే ఉన్నాడు.

మొదటిది చిన్నపిల్లల పరుగు. సత్యేంద్ర కొత్త తూటాలు నింపి, చేయి పైకెత్తి, బొటనవేలు సుత్తిమీద వేశాడు. ఆమె తాడు కిందినుండి వంగి దగ్గరికి వచ్చి, బొటనవేలు తీయమని హిందీలో నెమ్మదిగా చెప్పింది. వేలితోనే లాగమంది, పిల్లలు కుదిరేదాకా తొందరపడవద్దంది. అతడు ఏదో జ్ఞాపకం వచ్చినవాడిలా ఆమెను చూసి, మాస్టారు మమ్మల్ని అలాగే నిలబెట్టేవారు ఆజీ, పాదాలు తిమ్మిరెక్కేవి, అని నవ్వి బొటనవేలు తీశాడు.

మీట కదలడం మొదలయింది. చక్రం మెల్లగా తిరగడం ఆమె చూచింది. పిల్లలు ఎనిమిదిమంది వంగి ఉన్నారు. ఒకరి మోకాలు వణుకుతోంది, ఒకరు పెదవి కొరుకుతున్నారు. ఆ కొద్దిపాటి నిశ్శబ్దంలో ఆయన ప్రతి ఏడూ ఎన్నిసార్లు నిలబడ్డాడో, ఏ ముఖాలను చూస్తూ నిలబడ్డాడో, గుమ్మందాకా రాని ఆ కాలమంతా ఆమెకు మొదటిసారిగా కనిపించింది. తరువాత మోత వచ్చింది. దగ్గరనుండి విన్నందున అది ఆమె ఎరిగిన మోతలా లేదు. పదునుగా, పొట్టిగా ఉంది. పిల్లలు పరుగెత్తారు. పొగ ఆమె చీరమీదుగా పోయింది.

ఆయన రాలేదు. రాడని ఆమెకు తెలుసు. అయినా ఆమె ఇంటికి తిరిగిపోలేదు. సాయంకాలం చివరి పరుగు ముగిసేదాకా ప్రతిసారీ ఆ గీత పక్కనే, అదే నిశ్శబ్దంలో నిలబడి ఉన్నది.

ఈ కథ విన్నవారి చెవులకు శుభవార్తలే చేరుగాక. దూరమైనవారిని తలచుకుని గుమ్మాలలో కూర్చున్న ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ ఆ చక్రధారి తోడై నిలుచుగాక. సముద్రాలు దాటి వచ్చి ఈ దీవులలో దీపం వెలిగించిన మన పెద్దల వంశాలు చల్లగా వర్ధిల్లుగాక.